ఒంట్లో గాలి కాదు

మా జావా దీవిలో ఎవరికి ఏమొచ్చినా దానికి ఒకటే పేరు, ఒంట్లో గాలి చేరింది అని. తల నొప్పిగా ఉందా, గాలి. కడుపు తిప్పిందా, గాలి. వానలో తడిసి జ్వరం తెచ్చుకుంటే ఇక చెప్పేదేముంది, గాలే. కట్టుకున్నవాడు చెప్పాపెట్టకుండా ఇంకొకామెతో వెళ్ళిపోయి, ఆ ఇల్లాలు మంచం దిగకపోయినా ఇరుగుపొరుగు వచ్చి చూసి, "పాపం, బాగా గాలి చేరినట్టుంది" అనే వెళతారు. మందు కూడా ఒకటే. వీపుకి ఘాటైన తైలం రాసి, అంచు అరిగిన నాణెంతో వెన్ను దగ్గర్నుంచి పక్కలకి ఎర్రగా కందేదాకా గీకడం. గీతలు ఎంత ఎర్రగా తేలితే అంత గాలి బయటికి పోయినట్టు లెక్క. ఇందులో వైద్యం ఎంతో నాకు తెలియదు గానీ, ఒక మనిషి ఇంకో మనిషి వీపు మీద కాసేపు చెయ్యి వేసి కూర్చోవడం మాత్రం ఉంది. మావాళ్ళు దాన్ని వదులుకోకపోవడానికి అదే కారణమేమో.

రాత్మి చేతి గీకుడుకి సలతిగ ఊరి బయట ఉన్న బూట్ల ఫ్యాక్టరీలో మంచి పేరు. ఆమె కుట్టు విభాగంలో ఒక లైనుకి పెద్ద. మధ్యాహ్నం అన్నం పొట్లాలు విప్పే వేళకి నమాజు గదిలో ఓ మూల చాప పరిచి ఎవరో ఒకరు వీపు చూపిస్తూ ఆమె కోసం కూర్చునే ఉంటారు. ఈ మధ్య ఆ చాప మీద తరచుగా కూర్చుంటున్నది వెనింగ్. లైనులో మడమ పట్టీ కుట్టే పిల్ల. పిల్ల అంటే పిల్ల కాదు, పెళ్ళయి మూడో తరగతి చదివే కూతురున్న మనిషే. అయినా గుండ్రటి ముఖం, ఎప్పుడూ ఓ చిరునవ్వు, ఏం చెప్పినా "అలాగేనక్కా" అనే నోరు చూసి అందరూ పిల్ల అనే అనేవాళ్ళు.

ఆ సోమవారం పొద్దున్నుంచీ వెనింగ్ ముందు ముక్కలు గుట్టగా పడ్డాయి. లైను పని అంటే గొలుసు. ఒకామె కుట్టి పక్కామెకి అందించాలి, పక్కామె ఆ పై ఆమెకి. మధ్యలో ఒక్క చెయ్యి ఆగితే వెనకాల గుట్ట, ముందు ఖాళీ. ఆ ఖాళీలో కూర్చునేది సుపార్తి. చేతులు ఖాళీగా ఉంటే ఆమె నోరు ఊరుకోదు.

"ఏమే వెనింగ్, అవి బూటు ముక్కలనుకుంటున్నావా, కోడిగుడ్లనుకుంటున్నావా? పొదుగుతూ కూర్చున్నావు."

లైనంతా నవ్వింది. వెనింగ్ కూడా నవ్వింది. "అలాగేనక్కా, ఇదిగో ఇస్తున్నా" అని ఒక ముక్క తీసి మిషను కింద పెట్టి, మళ్ళీ దాని వంకే చూస్తూ ఉండిపోయింది.

మధ్యాహ్నం నమాజు గదిలో ఆమె రవిక పైకెత్తగానే రాత్మికి చెయ్యి ఆడలేదు. పాత గీతలు మానకముందే వాటి మీద కొత్తవి. కొన్నిచోట్ల పక్కు కట్టింది.

"ఇవి నేను గీకినవి కావే. ఎవరు చేశారు?"

"మొన్న మా పక్కింటావిడ. నిన్న మా ఆయన."

"ఆదివారం కూడానా? ఇంకెక్కడ గీకమంటావు, చోటేదీ?"

"ఆ భుజం కింద ఉంది కదక్కా. గట్టిగా గీకు."

రాత్మి తైలం రాసి మెల్లగా మొదలుపెట్టింది.

"ఇంకా గట్టిగా."

"చర్మం లేస్తుందే."

"లేవనీ అక్కా. నొప్పి పుడితే కాసేపు నేనున్నానని తెలుస్తుంది."

రాత్మి చేతిలో నాణెం ఆగిపోయింది. ఆ మాట వెనింగ్ మామూలుగా అంది, ఉప్పు తక్కువైందన్నట్టు అంది. అందుకే రాత్మికి భయం వేసింది. రవిక కిందికి దించి, ఆమెను తన వైపు తిప్పుకుంది.

"ఏమైందే? మీ ఆయన చెయ్యి చేసుకుంటున్నాడా?"

"ఛ, ఛ. నాకంటే ముందు లేచి అన్నం వండుతాడక్కా. పాప జడ కూడా తనే వేస్తాడు, వంకరగా."

"అప్పులా? అత్తగారా? మరేమైంది?"

"ఏమీ కాలేదు. అదే నా భయం. ఏదన్నా అయ్యుంటే ఇదీ అని చెప్పుకునేదాన్ని కదా." వెనింగ్ చాప అంచు పీకుతూ కూర్చుంది. "పాప వచ్చి మీద పడి ముద్దు పెడుతుంది. నాకేం తెలియదు. ఎవరి పాపో, ఎవరికో పెడుతున్నట్టుంటుంది. అన్నం మట్టిలా ఉంటుంది. పాక్ జారొత్ పిలిచారక్కా, శుక్రవారం సంతకం పెట్టమన్నారు. నా అంతట నేను మానేస్తున్నట్టు."

పాక్ అంటే మా దగ్గర అయ్యగారు. ఈ జారొత్ అయ్యగారు కుట్టు విభాగం మేనేజరు. ఆయన ఎవరినీ తీసేయడు. ఎవరి అంతట వాళ్ళే మానేసేలా మర్యాదగా అడుగుతాడు.

"నువ్వేమన్నావు?"

"అలాగేనండి అన్నా."

"మానెయ్యాలని ఉందా నీకు?"

వెనింగ్ తలెత్తింది. నవ్వు లేని ఆ ముఖాన్ని రాత్మి అప్పుడే మొదటిసారి చూసింది. "వద్దక్కా. పొద్దున మంచం మీంచి నన్ను లేపేది ఈ ఫ్యాక్టరీ బస్సు హారను ఒక్కటే. అదీ లేకపోతే నేనింక లేవను."

మా దేశంలో "కాదు" అనే మాట గొంతుకి అడ్డంపడే ముల్లు. పెళ్ళికి రమ్మంటే రాలేనివాడు కూడా అలాగే అంటాడు. అప్పడిగితే ఇవ్వలేనివాడూ అలాగే అంటాడు. ఎదుటివాడు ముఖం చూసి అర్థం చేసుకోవాలి. పెద్దవాళ్ళకి ఆ అవసరం లేదు గనక వాళ్ళు అర్థం చేసుకోరు. వెనింగ్ అన్న ఆ ఒక్క "అలాగేనండి"కి ఆమె ఉద్యోగమే కాదు, ఆమే పోయేలా ఉందని రాత్మికి తెలిసిపోయింది. శుక్రవారంలోగా ఏదో ఒకటి చెయ్యాలి. చేసి తీరాలి అనుకుంది.

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీ నర్సు బు వివిక్ దగ్గరికి వెళ్ళింది. బు అంటే అమ్మగారు. బు వివిక్ పెద్దావిడ, చల్లని మనిషి, అందరికీ ఒకే మాత్ర ఇస్తుంది.

"గాలే రాత్మి. ఒక రోజు సెలవు రాసిస్తా, పడుకోమను."

"బు, ఆ వీపు మీద గాలి పోవడానికింక దారి లేదు. ఒకసారి మీరు చూడండి."

"చూశానమ్మా. చూడకుండానే అంటున్నానా?" బు వివిక్ తలుపు దగ్గరికి వేసి వచ్చింది. "మరేం రాయమంటావు? మనసు బాగాలేదని రాస్తే పిచ్చిదని ముద్ర పడదూ? రేపు దాని పక్కన కూర్చుని అన్నం తినేదెవరు? దాని మేలు కోరే గాలి అని రాస్తున్నాను."

"మీరు మేలు కోరబట్టే అది ఇక్కడిదాకా వచ్చింది."

పెద్దావిడని అంత మాట అన్నందుకు రాత్మికే చెవులు వేడెక్కాయి. కానీ వెనక్కి తీసుకోలేదు. బు వివిక్ కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తలకి చుట్టుకున్న మేలిముసుగు అంచుతో చాలాసేపు తుడుచుకుంది.

"బుధవారం బుధవారం ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి మనసు జబ్బుల డాక్టరమ్మ వస్తుంది. నేను చెప్పానని మాత్రం అనకు."

బుధవారం నాడు రాత్మి సెలవు పెట్టింది. ఇన్నేళ్ళలో కాన్పులకి తప్ప ఆమె సెలవు పెట్టి ఎరగదు. వెనింగ్‌ని వెంటబెట్టుకుని వెళ్ళింది. డాక్టరమ్మని చూడగానే ఉసూరుమంది. వెనింగ్ కంటే చిన్నది. ఈ పసిది ఏం చూస్తుంది అనుకుంది.

"ఎలా ఉన్నారు?" అంది డాక్టరు.

"బాగున్నానండి" అంది వెనింగ్, నవ్వుతూ.

రాత్మికి ఆ నవ్వు మీద ఒకటి అంటించాలనిపించింది. డాక్టరు మాత్రం ఏమీ అనలేదు. కలం పక్కన పెట్టేసి ఊరికే కూర్చుంది. బయట పిల్లలు ఏడుస్తున్నారు, ఎవరి పేరో పిలుస్తున్నారు. ఆమెకి తొందరేమీ లేనట్టుంది. వెనింగ్ నవ్వు మెల్లగా జారిపోయింది.

"నిద్ర పడుతోందా?"

"లేదండి."

"బతకాలని లేకుండా పోతోందా?"

రాత్మి ఉలిక్కిపడింది. అడగకూడని మాట అలా అడిగేస్తుందా! కానీ వెనింగ్ ముఖంలో భయం లేదు. ఎవరో మోస్తున్న బరువుకి ఇంకొకరు చెయ్యి పట్టినప్పుడు కనబడే తేలిక కనబడింది.

"చచ్చిపోవాలని కాదండి. పడుకుంటే తెల్లారకపోతే బాగుండనిపిస్తుంది. రోజూ."

రాత్మి ఏడ్చింది. ఆ గదిలో ఏడ్చింది ఆమే. రోజూ తన కళ్ళెదుట కూర్చుని మడమ పట్టీలు కుట్టే పిల్ల రోజూ ఇదే అనుకుంటూ కుట్టిందా? తను ఆ వీపు మీద నాణెం పెట్టి, వీధి కబుర్లు చెబుతూ గీకిందా?

డాక్టరు చాలా మాటలు చెప్పలేదు. దీన్ని డిప్రెషన్ అంటారని, ఇది పిచ్చి కాదని, సోమరితనం అసలే కాదని, మందు ఉందని, అది పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పింది. అందాకా ఒంటరిగా వదలొద్దంది. ప్రతి బుధవారం రమ్మంది. మర్నాడు తను పనిచేసే పెద్దాస్పత్రికి మొగుణ్ణి కూడా తీసుకు రమ్మంది.

"ఉద్యోగం మానిపించమంటారా?" అని రాత్మి అడిగింది.

"ఆమె మానాలనుకుంటోందా?"

డాక్టరు చూసింది వెనింగ్ వైపు. వెనింగ్ అడ్డంగా తలూపింది. చిన్నగానే, కానీ ఊపింది.

"అయితే మానిపించకండి. పని తగ్గించండి. మనుషుల మధ్య ఉండనివ్వండి."

చెప్పినంత తేలికా! పని తగ్గించడమంటే గొలుసులో ఒక కొక్కీ వదులు చెయ్యడం. ఆ ఎడం ఎవరో పూడ్చాలి. తిరుగు దారిలో మినీ బస్సులో రాత్మి అడిగింది, "లైనులో వాళ్ళకి చెప్పనా?"

"అలాగేనక్కా."

"ఆ అలాగే నాకొద్దు. నిజంగా అడుగుతున్నా. చెప్పొద్దంటే చెప్పను. ఇంకో దారి వెతుకుతా."

దిగే చోటు దగ్గరపడ్డాక వెనింగ్ అంది, "గాలి కాదని చెప్పు. జబ్బని, మందు వేసుకుంటున్నానని చెప్పు. తెల్లారడం సంగతి మాత్రం చెప్పకు."

గురువారం భోజనాల వేళ రాత్మి లైనులో ఆడవాళ్ళందర్నీ గోడ నీడకి పిలిచింది. వెనింగ్ ఆ పూట మొగుడితో ఆస్పత్రిలో ఉంది. ఏం చెప్పమందో అదే చెప్పింది, ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. మడమ పట్టీల్లో సగం ఇటూ అటూ కూర్చునేవాళ్ళు పంచుకోవాలంది. రోజూ కుట్టే జతల లెక్క తగ్గుతుంది, పైన వచ్చే భత్యం కూడా కొన్నాళ్ళు తగ్గొచ్చని దాచకుండా చెప్పింది.

ముందు నోరు విప్పింది సుపార్తే.

"బాగుందక్కా. దాని పని మేం చేస్తాం. మరి మా పని ఎవరు చేస్తారు, మా అత్తగారా?"

"పోయిన వానాకాలం నీ వంటిల్లు కూలినప్పుడు ఇంతమందిమీ రాలేదా? మా ఇల్లు ఎవరు ఊడుస్తారని ఎవరైనా అడిగారా? వెనింగ్ మొగుడు రోజంతా నీకు ఇటుకలు మోశాడు. ఏం పెట్టావతనికి? ఇంత అన్నం, ఒక ఎండుచేప."

"రెండు పెట్టాను" అంది సుపార్తి. ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె నవ్వలేదు. "కూలిన గోడ కళ్ళకి కనబడుతుందక్కా. దీనికేం కూలింది? నవ్వుతూనే ఉందిగా? మాకు మాత్రం లేవా కష్టాలు? మేం మింగుకుని కుట్టడం లేదూ? దానికొక్కదానికే వచ్చిందా మనసు!"

ఆ చివరి మాట అనేటప్పుడు ఆమె గొంతు అనుకోనంత పైకి లేచింది. అందరూ ఆమె వంక చూశారు. సుపార్తి పొట్లం మడిచి లేచింది. "నా చేతులు నావి. నేను నా కుట్టే కుడతా" అని వెళ్ళిపోయింది.

మిగతావాళ్ళు గొణుక్కున్నారు, బేరాలాడారు, చివరికి ఒప్పుకున్నారు. ఒకామె అవతలి వైపు బల్ల మార్చుకుని వెనింగ్ పక్కకి వస్తానంది. ఇంకొకామె, మందు వేసుకుంటే నిద్ర వస్తుందా, సూది గుచ్చుకోకుండా చూసుకోవాలి కదా అంది. అంతే చాలనుకుంది రాత్మి.

శుక్రవారం పాక్ జారొత్ గదిలో ముగ్గురికీ టీ వచ్చింది. తీపి టీ, మూతలతో సహా. బల్ల మీద కాగితం, దాని మీద కలం సిద్ధంగా ఉన్నాయి. ఆయన వెనక గోడకి పెద్ద బొమ్మ, అందులో పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న అమ్మాయి. కింద పెద్ద అక్షరాలు, మీ మనశ్శాంతి మా బాధ్యత అని.

"రాత్మీ, నిన్ను పిలవలేదే" అన్నాడాయన నవ్వుతూనే.

"పిలవకుండా వచ్చినందుకు క్షమించాలి పాక్. ఈమె నా లైను మనిషి."

"ఆరోగ్యం ముఖ్యం కదమ్మా. ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోవాలని నా ఆలోచన. ఆమె కూడా ఒప్పుకుంది."

"మేం ఒప్పుకోనిది ఏదన్నా ఉందా పాక్? ఆదివారం రమ్మంటే అలాగేనన్నాం. ఎండాకాలం ఫ్యాన్లు చెడిపోతే రేపు బాగుచేయిస్తామన్నారు, దానికీ అలాగేనన్నాం. మా అలాగే కాగితం మీద పెట్టుకుంటే ఎలాగండి?"

ఆయన నవ్వు కాస్త సన్నబడింది. "లైను వెనకబడుతోంది. సరుకు ఓడ ఎక్కాలి. నేను పైవాళ్ళకి ఏం చెప్పను?"

"ఆ బొమ్మ ఎవరు పెట్టమన్నారు పాక్?"

ఆయన వెనక్కి తిరిగి, తన గదిలో అదొకటుందని అప్పుడే తెలిసినట్టు చూశాడు. "అదా. బూట్లు కొనేవాళ్ళు. ప్రతి విభాగంలో ఉండాలన్నారు."

"వాళ్ళు వచ్చినప్పుడల్లా లైను పెద్దల్ని పిలిచి మాట్లాడతారు కదా. ఈసారి ఆ బొమ్మ సంగతి అడిగితే ఏం చెప్పాలో మీరే నేర్పండి. మీరు చెప్పినట్టే చెబుతాను."

ఇంత మర్యాదగా మెడ మీద కత్తి పెట్టడం మావాళ్ళకే చేతనవుతుంది. పాక్ జారొత్ టీ మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరి ముఖం ఎప్పుడూ చదవాల్సి రాని మనిషి, అంతే. చివరికి రాత్మిని వదిలేసి వెనింగ్ వైపు వంగాడు. గొంతు చాలా మెత్తగా చేసుకున్నాడు.

"ఆమె మాటలు వదిలెయ్యమ్మా. నువ్వు చెప్పు. నీ ఇష్టంతోనే కదా మానేస్తున్నావు?"

ఇక్కడ రాత్మి చెయ్యగలిగింది లేదు. లైనుని ఒప్పించింది, డాక్టరుకి చూపించింది, పెద్దమనిషిని ఎదిరించింది. ఈ ఒక్క ప్రశ్నకి ఆమె జవాబు చెబితే చెల్లదు. వెనింగ్ పెదాల మీదికి పాత చిరునవ్వు రానే వచ్చింది. దాని వెనక ఏ మాట వస్తుందో రాత్మికి తెలుసు. వద్దే, వద్దే అనుకుంటూ తన మోకాళ్ళు తానే పట్టుకుంది.

"కాదండి" అంది వెనింగ్.

అన్నాక ఆమే బెదిరిపోయి ఇద్దరి వంకా చూసింది. నవ్వు ఎటో పోయింది.

"కాదండి. నేను మాననండి. నాకు జబ్బు చేసింది. గాలి కాదండి, మనసుకి. మందు వేసుకుంటున్నా. కొన్నాళ్ళు నెమ్మదిగా కుడతాను."

పాక్ జారొత్ అలవాటు కొద్దీ తలూపుతూనే ఉన్నాడు. బల్ల మీది కాగితాన్ని ఏం చెయ్యాలో ఆయనకి తోచలేదు. కాసేపటికి రాత్మిని అడిగాడు, "లెక్క పడిపోకుండా చూస్తావా?"

"పడుతుంది పాక్. కొన్నాళ్ళు పడుతుంది."

"ఎన్నాళ్ళు?"

"డాక్టరు చెప్పేదాకా. బుధవారాల్లో ఒక పూట సెలవు కూడా కావాలి."

ఆయన నిట్టూర్చి కాగితం తీసి సొరుగులో పడేశాడు. "సరే చూద్దాం" అన్నాడు. మా దగ్గర "చూద్దాం" అంటే సగం లేదనే. కానీ మిగతా సగం ఆ పూటకి చేతికొచ్చింది. బయట మెట్ల మీద వెనింగ్ కూర్చుండిపోయింది.

"అక్కా, అన్నది నేనేనా?"

"నువ్వే. నేను పక్కనే ఉన్నా. విన్నా."

తరువాతి బుధవారం మధ్యాహ్నం ఇద్దరూ మినీ బస్సు ఎక్కి కూర్చున్నారు. వెనింగ్‌కి ఇంకా అన్నం మట్టిలాగే ఉంది. మందు వేసుకుంటే నోరు ఎండిపోతోందని, ఇంకేం తేడా లేదని చెబుతోంది. రాత్మి, ఆ మాట డాక్టరుకి చెప్పమంటోంది. బస్సు కదలబోతుండగా ఎవరో పరుగున వచ్చి ఎక్కి, ఎదురు సీటులో కూలబడ్డారు. పెళ్ళిళ్ళకి కట్టుకునే మేలిముసుగు కట్టుకున్న సుపార్తి.

"నువ్వెక్కడికే?"

"మీరెక్కడికో అక్కడికే."

రాత్మి నాలుక చివర దాకా ఒక మాట వచ్చింది. వారం రోజులుగా వెనింగ్ పట్టీ ఒక్కటి కూడా ముట్టుకోని మనిషి ఇది. ముఖం చూసి మింగేసింది.

సుపార్తి రోడ్డు వైపు తిరిగి, ఎవరితోనూ కానట్టు అంది, "మా అమ్మ పోయిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. ఎప్పుడూ వాగుతుంటానని తిట్టుకుంటారుగా మీరంతా. నోరు మూస్తే ఏడుపొస్తుందే. అందుకని మూయను." అని, నిజంగానే నోరు మూసుకుంది. రెండు చేతులతో మూసుకుంది.

రాత్మి లేవబోయింది. అంతకంటే ముందే వెనింగ్ లేచి వెళ్ళి ఎదురు సీటులో సుపార్తి పక్కన ఇరుక్కుని కూర్చుంది. భుజానికి భుజం ఆనించింది.

"లోపల డాక్టరమ్మ ఎలా ఉన్నారు అని అడుగుతుందక్కా. బాగున్నానని మాత్రం అనకు."

"మరేమనాలి?" అంది సుపార్తి వేళ్ళ మధ్యలోంచి.

"తెలియకపోతే ఊరుకో. నీకు మాట వచ్చేదాకా ఆమె కూర్చుంటుంది. నేనూ కూర్చుంటా."